శిలాక్షరాలు చదివిన శాస్త్రవేత్త – విక్టర్ గోల్డ్‌ష్మిట్

రాత్రివేళ ఆకాశంలో చుక్క రాలినప్పుడు మన పెద్దలు దానిని శుభాశుభ సూచకంగా భావించేవారు. అలా రాలే ఉల్కలలో అత్యధికం ఇసుక రేణువులంత చిన్నవి. అవి వాతావరణంలోనే భస్మమైపోతాయి. పరిమాణంలో పెద్దవైన ఏ కొన్నో మాత్రం పూర్తిగా కాలిపోక, నల్లని పెంకుతో నేలను చేరుతాయి. వాటినే ఉల్కాశిలలు అంటారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరివరకు యూరప్ విద్వాంసులు పలువురు ఆకాశం నుండి రాళ్లు పడతాయన్న మాటను పామరుల కల్పనగా కొట్టివేశారు. 1794లో ఎర్నెస్ట్ క్లాడ్నీ అనే జర్మన్ భౌతిక శాస్త్రజ్ఞుడు అవి భూమికి వెలుపలి నుండి వచ్చినవేనని ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోని లేగ్ల్ పట్టణ పరిసరాలలో సుమారు మూడువేల రాళ్లు ఒక్కసారిగా కురిశాయి. ఆ సంఘటనను బియో అనే శాస్త్రజ్ఞుడు స్వయంగా విచారించి నివేదిక సమర్పించిన తరువాతనే పండితలోకం ఆ సత్యాన్ని అంగీకరించింది.

రాళ్లు ఆకాశం నుండి వస్తాయని తేలింది. కాని అవి ఏమి చెబుతున్నాయి? వాటిలోని ధాతువులకూ, మనం నివసించే భూమికీ, వెలుగునిచ్చే సూర్యునికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం లభించడానికి మరొక శతాబ్దానికి పైగా పట్టింది. ఆ సమాధానానికి పునాది వేసిన మహనీయుడు, ఆధునిక భూరసాయనశాస్త్ర పితామహునిగా కీర్తి గడించిన విక్టర్ మోరిట్జ్ గోల్డ్‌ష్మిట్.

గోల్డ్‌ష్మిట్ 1888 జనవరి 27న స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి హైన్రిచ్ గోల్డ్‌ష్మిట్ రసాయనశాస్త్రంలో పేరెన్నికగన్న ఆచార్యుడు. తల్లి అమేలీ. తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం జూరిచ్ నుండి ఆమ్‌స్టర్‌డామ్‌కూ, అక్కడి నుండి జర్మనీలోని హైడెల్‌బర్గ్‌కూ మారింది. 1901లో నార్వే రాజధాని క్రిస్టియానియాలోని విశ్వవిద్యాలయంలో తండ్రికి ఆచార్య పదవి లభించడంతో వారు అక్కడ స్థిరపడ్డారు. ఆ నగరమే నేటి ఓస్లో. 1905లో ఆ కుటుంబానికి నార్వే పౌరసత్వం లభించింది. పుట్టింది ఒక దేశంలో, పెరిగింది మరికొన్ని దేశాలలో అయినా గోల్డ్‌ష్మిట్ తన మాతృభూమిగా భావించింది నార్వేనే.

నార్వే దేశం కొండలకూ కోనలకూ ప్రసిద్ధి. అక్కడి శిలలు అతిప్రాచీనమైనవి, నానావర్ణాలతో కూడినవి. బాల్యం నుండే గోల్డ్‌ష్మిట్‌కు ఖనిజాల మీద మక్కువ ఏర్పడింది. విశ్వవిద్యాలయంలో ఆయనకు బ్రగ్గర్ అనే గొప్ప భూవిజ్ఞాన శాస్త్రవేత్త గురువుగా లభించారు. ఇంట తండ్రి వద్ద రసాయనశాస్త్రం, విద్యాలయంలో గురువు వద్ద శిలాశాస్త్రం. ఈ రెండు ప్రవాహాలూ ఆ యువకునిలో ఒక్కటై సంగమించాయి. 1906లో, పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే, క్వార్ట్‌జ్ స్ఫటికాన్ని వేడిచేసినప్పుడు వెలువడే కాంతిని గురించి ఆయన తొలి పరిశోధన పత్రాన్ని ప్రకటించారు. 1911లో డాక్టరేట్ పట్టం పొందారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేళ్లు.

ఆ డాక్టరేట్ సిద్ధాంత వ్యాసమే శాస్త్రలోకంలో ఆయన పేరును నిలబెట్టింది. భూగర్భం నుండి ఉబికివచ్చే శిలాద్రవం చుట్టూ ఉన్న రాళ్లను తన వేడిమితో మార్చివేస్తుంది. ఓస్లో పరిసరాలలో అలా మారిన శిలలను గోల్డ్‌ష్మిట్ సూక్ష్మంగా పరిశీలించారు. ఆ మార్పు యాదృచ్ఛికం కాదనీ, శిలలోని రసాయన పదార్థాలు, ఉష్ణోగ్రత, పీడనం తెలిస్తే ఏ ఖనిజాలు ఏర్పడతాయో ముందుగానే నిర్ణయించవచ్చుననీ ఆయన నిరూపించారు. అంతవరకు భూవిజ్ఞానం ప్రధానంగా వర్ణన మీద ఆధారపడిన శాస్త్రం. రాళ్లను సేకరించడం, పేర్లు పెట్టడం, వర్గీకరించడం దాని పని. రాళ్లకు కూడా రసాయన నియమాలు వర్తిస్తాయని గట్టిగా చెప్పినవారిలో గోల్డ్‌ష్మిట్ అగ్రగణ్యులు. 1914లో, ఇరవై ఆరేళ్ల వయస్సులో, ఆయన అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా, ఖనిజశాస్త్ర సంస్థకు అధిపతిగా నియమితులయ్యారు. తండ్రీ కొడుకులు ఒకే విశ్వవిద్యాలయంలో ఆచార్యులై ఉండటం అరుదైన విశేషం.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. నార్వే తటస్థ దేశమే అయినప్పటికీ, సముద్ర మార్గాల దిగ్బంధం వల్ల దిగుమతులకు తీవ్రమైన ఆటంకం ఏర్పడింది. దేశంలోనే లభించే ముడిపదార్థాలను వెలికితీసి వినియోగించుకోవలసిన అవసరం కలిగింది. 1917లో ప్రభుత్వం ఆ బాధ్యతను గోల్డ్‌ష్మిట్‌కు అప్పగించింది. ఆయన ఆధ్వర్యంలో ముడిపదార్థాల ప్రయోగశాల ఏర్పడింది. పొలాలకు కావలసిన ఎరువుల కోసం ఖనిజాలను అన్వేషించడం, కొలుముల లోపలి గోడలకు వాడే ఇటుకల కోసం ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజాన్ని ఉపయోగించడం వంటి పనులెన్నో అక్కడ జరిగాయి. మామూలు రాయిగా కనిపించే ఆలివిన్ అత్యధిక ఉష్ణోగ్రతకు కూడా కరగదు. అందువల్ల లోహ పరిశ్రమలకు అది ఎంతో ఉపకరించింది.

దేశావసరాల కోసం ఆరంభమైన ఆ కృషిలో నుండే ఒక మౌలికమైన ప్రశ్న ఆయన మనస్సులో రూపుదిద్దుకొన్నది. కొన్ని మూలకాలు భూమిలో విరివిగా ఎందుకు దొరుకుతాయి? కొన్ని ఎందుకు అరుదు? ఇనుము ఒకచోట, రాగి ఒకచోట, అల్యూమినియం ఒకచోట పోగుపడటానికి కారణం ఏమిటి? దీని వెనుక ఏదో ఒక నియమం ఉండి తీరాలని ఆయన విశ్వసించారు. 1923 నుండి 1938 వరకు తొమ్మిది భాగాలుగా వెలువడిన ఆయన పరిశోధన గ్రంథమాలకు మూలకాల పంపిణీలోని భూరసాయన నియమాలు అన్నదే శీర్షిక.

ఈ సమస్యను పరిష్కరించడంలో ఆయనకు ఒక పెద్ద అవరోధం ఎదురైంది. భూమి వ్యాసార్థం సుమారు 6,371 కిలోమీటర్లు. మానవుడు తవ్విన రంధ్రాలలో అత్యంత లోతైనవాటిలో ఒకటైన రష్యాలోని కోలా బావి లోతు 12 కిలోమీటర్లు దాటినా 13 కిలోమీటర్లకు చేరలేదు. అది కూడా గోల్డ్‌ష్మిట్ మరణించిన ఎన్నో ఏళ్ల తరువాత తవ్వినదే. మామిడిపండు తొక్కను గోటితో గీరి, లోపలి టెంక ఎలా ఉంటుందో చెప్పమన్నట్లుంది ఆ పరిస్థితి. పైగా భూమి ఒకప్పుడు కరిగి, అందులోని పదార్థాలు పొరలుగా విడిపోయాయి. కనుక పైపొరలోని రాతిని ఎంత పరిశీలించినా మొత్తం భూమి సంఘటనం తెలియదు. భూమి తన అసలు లెక్కను తనలోనే దాచుకొన్నది.

అప్పుడు గోల్డ్‌ష్మిట్ దృష్టి రెండు వస్తువుల మీద పడింది. వాటిలో ఒకటి లోహాలను కరిగించే కొలిమి, మరొకటి ఉల్కాశిల. కొలిమిలో ముడిఖనిజాన్ని కరిగించినప్పుడు బరువైన లోహం అడుగుకు చేరుతుంది. తేలికైన రాతి పదార్థం చిట్టెంగా పైకి తేలుతుంది. గంధకంతో కూడిన పదార్థం ఉంటే అది ఈ రెంటికీ మధ్య వేరొక పొరగా నిలుస్తుంది. ఉల్కాశిలలలోనూ ఈ మూడు పదార్థాలే కనిపిస్తాయి. ఇనుము, నికెల్ కలిసిన లోహం, గంధకంతో కూడిన ఇనుప ఖనిజం, సిలికాన్, ఆక్సిజన్‌లతో కూడిన రాతి పదార్థం అనేవే ఆ మూడు. కొలిమిలో జరిగేదీ, ఉల్కలో కనిపించేదీ, భూగర్భంలో ఒకనాడు జరిగినదీ ఒకే ప్రక్రియ అయి ఉండాలని ఆయన ఊహించారు.

ఈ ఊహ ఆధారంగా ఆయన మూలకాలను నాలుగు వర్గాలుగా విభజించారు. ఇనుముతో చెలిమి చేసేవి మొదటి వర్గం. నికెల్, కోబాల్ట్, బంగారం, ప్లాటినం, ఇరిడియం ఇందులో చేరుతాయి. గంధకంతో చెలిమి చేసేవి రెండవ వర్గం. రాగి, జింకు, సీసం, వెండి ఈ కోవకు చెందినవి. రాతి పదార్థంతో చెలిమి చేసేవి మూడవ వర్గం. సోడియం, పొటాషియం, కాల్షియం, అల్యూమినియం, యురేనియం మొదలైనవి ఇందులోనివి. వాయువులుగా వాతావరణంలో నిలిచే నైట్రోజన్, ఆర్గాన్ వంటివి నాలుగవ వర్గం. సిడరోఫైల్, చాల్కోఫైల్, లిథోఫైల్, అట్మోఫైల్ అని ఆయన పెట్టిన పేర్లు నేటికీ ప్రపంచమంతటా భూరసాయనశాస్త్ర పాఠాలలో వినిపిస్తున్నాయి.

ఈ వర్గీకరణ వల్ల ఎన్నో చిక్కుముడులు విడిపోయాయి. బంగారం ఎందుకు అంత అరుదు అన్న ప్రశ్ననే తీసుకొందాం. భూమి కరిగిన స్థితిలో ఉన్నప్పుడు ఇనుము బరువు వల్ల కేంద్రానికి దిగిపోయింది. ఇనుముతో చెలిమి గల బంగారం కూడా దానిని అనుసరించి అడుగుకు చేరింది. భూమిలోని బంగారంలో అధికభాగం మానవునికి అందని కేంద్రమండలంలోనే ఉన్నదని శాస్త్రజ్ఞుల అంచనా. మన చేతికి అందేది పైపొరలో మిగిలిన లేశమాత్రం. అయితే ఆ కాలంలో గోల్డ్‌ష్మిట్ చెప్పినవన్నీ యథాతథంగా నిలవలేదు. భూగర్భంలో గంధక పదార్థం ఒక ప్రత్యేకమైన దళసరి పొరగా ఉంటుందన్న ఆయన భావనకు తరువాతి పరిశోధనలు మద్దతు ఇవ్వలేదు. వర్గీకరణ మాత్రం చెక్కుచెదరకుండా నిలిచింది.

ఇదే కాలంలో ఆయన స్ఫటికాల అంతర్నిర్మాణం మీద కూడా దృష్టి సారించారు. 1912లో ఎక్స్-కిరణాల సహాయంతో స్ఫటికాలలోని పరమాణువుల అమరికను తెలుసుకొనే మార్గం జర్మనీలో బయటపడింది. గోల్డ్‌ష్మిట్ ఆ పద్ధతిని చేపట్టి, తన శిష్యులతో కలిసి ఎన్నో సమ్మేళనాలను పరీక్షించారు. 1926లో ఆయన ప్రకటించిన అయాన్ల వ్యాసార్థాల పట్టిక రసాయనశాస్త్రంలో ఒక మైలురాయి. పరిమాణంలోనూ విద్యుదావేశంలోనూ సన్నిహితంగా ఉన్న రెండు అయాన్లు స్ఫటికంలో ఒకదాని స్థానాన్ని మరొకటి ఆక్రమించగలవని ఆయన వివరించారు. ఆలివిన్‌లో మెగ్నీషియం ఉండవలసిన చోట ఇనుము ఇమిడిపోవడం, అల్యూమినియం ఖనిజాలలో గాలియం తలదాచుకోవడం ఇందుకు ఉదాహరణలు. భూపటలాన్ని ఘనపరిమాణం దృష్ట్యా లెక్కిస్తే అందులో తొంభై శాతానికి పైగా ఆక్సిజన్ అయాన్లే ఆక్రమించి ఉన్నాయన్న ఆశ్చర్యకరమైన సత్యాన్ని కూడా ఆయనే వెల్లడించారు. మనం గట్టినేల అనుకొని నడుస్తున్నది నిజానికి ఆక్సిజన్ అయాన్ల గుట్ట. తక్కిన మూలకాలు వాటి సందులలో సర్దుకొన్నవి.

1929లో జర్మనీలోని గటింగెన్ విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్య పదవికి ఆహ్వానించింది. ఆ రోజులలో గటింగెన్ గణిత, భౌతిక శాస్త్రాలకు పుట్టినిల్లు. తల్లి అప్పటికి లేరు. వృద్ధుడైన తండ్రిని వెంటబెట్టుకొని గోల్డ్‌ష్మిట్ అక్కడికి వెళ్లారు. ఆయన వివాహం చేసుకోలేదు. ప్రయోగశాలే ఆయన సంసారం.

గటింగెన్‌లో ఆయన ఉల్కాశిలల రసాయన విశ్లేషణను నూతన పద్ధతిలో చేపట్టారు. శిలను మెత్తగా పొడిచేసి, కర్బన కడ్డీలోని చిన్న గుంటలో ఉంచి, విద్యుత్ జ్వాలతో మండించేవారు. ఒక్కొక్క మూలకం మండేటప్పుడు తనదైన వర్ణరేఖలను వెదజల్లుతుంది. ఆ రేఖల తీవ్రతను కొలిచి, ఆ మూలకం ఎంత పరిమాణంలో ఉన్నదో లెక్కించేవారు. పది లక్షల పాళ్లలో ఏ కొద్ది పాళ్లో మాత్రమే ఉన్న మూలకాలు సైతం ఈ పద్ధతికి చిక్కాయి. ఈ పరీక్షలలోనే బొగ్గు బూడిదలో జెర్మేనియం అధికంగా పోగుపడి ఉన్నదని 1930లో ఆయన కనుగొన్నారు. అప్పట్లో ఆ మూలకానికి పెద్దగా ప్రయోజనం లేదు. 1947లో తయారైన తొలి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసినదే కావడంతో తరువాతి కాలంలో ఆ పరిశోధన విలువ లోకానికి తెలిసివచ్చింది.

ఉల్కాశిలలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని పూర్తిగా లోహమయం. అవి ఒకప్పుడు కరిగి, పొరలుగా విడిపోయి, ఆ తరువాత బద్దలైన చిన్న గ్రహరూపాల గర్భభాగాలు. మరికొన్ని శిలామయం. వాటిలో కాండ్రైట్లు అనేవి మిక్కిలి ముఖ్యమైనవి. ఆవగింజలంత ప్రమాణంలో ఉండే గుండ్రని రేణువులు వాటి లక్షణం. ఇవి పుట్టిన తరువాత ఎన్నడూ పూర్తిగా కరగలేదు. అందువల్ల సౌరకుటుంబం ఏర్పడినప్పుడు ఉన్న ఘనపదార్థంలోని మూలకాల పాళ్లు చాలావరకు వాటిలో యథాతథంగా నిలిచి ఉన్నాయి. భూమి పోగొట్టుకొన్న జాతకం ఈ రాళ్లలో భద్రంగా ఉన్నది. రాతి పదార్థం పది పాళ్లు, లోహం రెండు పాళ్లు, గంధక పదార్థం ఒక పాలు అని సగటు కట్టి, ఒక్కొక్క మూలకం మొత్తం మీద ఎంత ఉండాలో గోల్డ్‌ష్మిట్ గణించసాగారు.

ఆ కృషి ముమ్మరంగా సాగుతున్న దశలోనే జర్మనీని చీకటి ఆవరించింది. 1933లో హిట్లర్ నాయకత్వంలోని నాజీలు అధికారానికి వచ్చారు. యూదులను ఉద్యోగాల నుండి తొలగించే శాసనాలు వెలువడ్డాయి. గటింగెన్‌లోని మాక్స్ బోర్న్, జేమ్స్ ఫ్రాంక్ వంటి మహామేధావులు ఆ ఏడాదే తమ స్థానాలను విడవవలసి వచ్చింది. గోల్డ్‌ష్మిట్ కుటుంబానికి మతాచారాల పట్ల అంతగా పట్టింపు ఉండేది కాదు. అయినప్పటికీ పీడన ఆరంభమైనప్పుడు ఆయన మౌనంగా తప్పుకోలేదు. తానూ ఆ సమాజంలో ఒకడినని బహిరంగంగా చాటుకొన్నారు. 1935లో యూదులకు ఇక్కడ చోటు లేదని తెలిపే ఫలకాలు వెలిసినప్పుడు ఆయన నిరసన తెలిపి, పదవికి రాజీనామా చేశారు. స్వహస్తాలతో తీర్చిదిద్దుకొన్న ప్రయోగశాలను వదలి, తండ్రితో కలిసి తిరిగి ఓస్లో చేరుకొన్నారు. ఆ తరువాత రెండేళ్లకు, 1937లో, తండ్రి కన్నుమూశారు.

ఇంతటి కల్లోలంలోనూ ఆయన కలం ఆగలేదు. 1938లో గ్రంథమాలలోని తొమ్మిదవ భాగం వెలువడింది. అందులో ఉల్కాశిలల విశ్లేషణనూ, సూర్యుని, నక్షత్రాల వర్ణపటాల నుండి తెలిసిన విషయాలనూ సమన్వయపరచి, విశ్వంలో ఏ మూలకం ఎంత పాలు ఉన్నదో తెలిపే పట్టికను ఆయన సమకూర్చారు. అంతకుముందు కూడా ఇటువంటి ప్రయత్నాలు కొన్ని జరిగాయి. అయితే ఇంత విస్తృతమైన కొలతల మీద, ఇంత స్పష్టమైన రసాయన అవగాహన మీద ఆధారపడిన పట్టిక అంతకు మునుపు లేదు. దూరాన వెలిగే నక్షత్రానికీ, కాలి కింది రాతికీ ఒకే లెక్క వర్తిస్తుందని ఆ పట్టిక నిరూపించింది.

1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు నార్వేను ఆక్రమించాయి. ఏ పీడన నుండి తప్పుకొని ఆయన స్వదేశానికి చేరారో అది ఆయనను వెన్నంటి వచ్చింది. 1942 అక్టోబరు 26న నార్వేలోని యూదు పురుషులను సామూహికంగా నిర్బంధించారు. గోల్డ్‌ష్మిట్‌ను కూడా బెర్గ్ అనే నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడ ఆరోగ్యం క్షీణించడంతో ఆస్పత్రిలో చేర్చి, కొంతకాలానికి విడిచిపెట్టారు. నవంబరు 25న మళ్లీ నిర్బంధించారు. మరునాడు, నవంబరు 26న, ఓస్లో రేవులో డోనౌ అనే ఓడ సిద్ధంగా నిలిచి ఉన్నది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అనే భేదం లేకుండా 532 మందిని ఆ ఓడలోకి ఎక్కించారు. వారి గమ్యం ఆష్విట్జ్ మృత్యుశిబిరం.

రేవులో నిలబడిన ఆ జనంలో గోల్డ్‌ష్మిట్ కూడా ఉన్నారు. ఓడ ఎక్కవలసిన చివరి ఘడియలో ఆయనను పక్కకు పిలిచారు. దేశంలోని ఖనిజసంపదను గురించి ఆయనకున్న పరిజ్ఞానం ప్రభుత్వానికి అత్యవసరమని సహచర శాస్త్రజ్ఞులు అధికారులను ఒప్పించగలిగారు. ఆ కారణంగా ఆయన ప్రాణం దక్కింది. ఆ ఓడలో వెళ్లినవారిలో సజీవంగా తిరిగి వచ్చినవారు పదిమంది లోపే. రాతిని గురించిన జ్ఞానం ఒక శాస్త్రవేత్తను కాపాడింది. కాని ఆ రేవులో ఆయన పక్కన నిలబడిన పసివారికి, వారి తల్లులకు అటువంటి ఆధారం ఏదీ లేకపోయింది. మనిషి విలువను అతని వల్ల కలిగే ప్రయోజనంతో కొలిచే పాలన ఎంత క్రూరమైనదో ఈ ఘట్టం చాటుతున్నది.

ఆ రక్షణ ఎంతోకాలం నిలవదని గోల్డ్‌ష్మిట్‌కూ, ఆయన మిత్రులకూ తెలుసు. డిసెంబరు నెలలో ప్రతిఘటనోద్యమ వీరుల సాయంతో ఆయన రహస్యంగా సరిహద్దు దాటి స్వీడన్ చేరుకొన్నారు. 1943 మార్చిలో విమానంలో బ్రిటన్ వెళ్లారు. స్కాట్లండ్‌లోని ఎబర్డీన్ సమీపంలో ఉన్న మెకాలే మృత్తికా పరిశోధన సంస్థలోనూ, తరువాత ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనూ ఆయనకు ఆశ్రయం లభించింది. నక్షత్రాలలోని మూలకాలను లెక్కించిన శాస్త్రవేత్త ఇప్పుడు పంటనేలలోని మూలకాలను పరిశీలించసాగారు. శిల నుండి మట్టికి, మట్టి నుండి మొక్కకు మూలకాలు ఎలా చేరుతాయన్నది కూడా ఆయన దృష్టిలో అదే భూరసాయన నియమాల కొనసాగింపే. రాయల్ సొసైటీ 1943లో ఆయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకొన్నది. లండన్ భూవిజ్ఞాన సంఘం 1944లో వొలాస్టన్ పతకంతో సత్కరించింది.

యుద్ధం ముగిసిన తరువాత 1946లో గోల్డ్‌ష్మిట్ నార్వేకు తిరిగి వచ్చారు. కాని నిర్బంధం, అజ్ఞాతవాసం, అనారోగ్యం ఆయన శరీరాన్ని అప్పటికే కృంగదీశాయి. 1947 మార్చి 20న ఓస్లోలో ఆయన పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై తొమ్మిదేళ్లు. ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని నార్వే ఆలివిన్‌తో మలచిన ఆకుపచ్చని పాత్రలో నిక్షిప్తం చేశారు. ఆయన ప్రవాసంలో రచించసాగిన భూరసాయనశాస్త్ర మహాగ్రంథం అసంపూర్ణంగా మిగిలిపోయింది. అలెక్స్ మ్యూర్ అనే శాస్త్రజ్ఞుడు దానిని పరిష్కరించగా 1954లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువడింది.

ఆయన గతించినా ఆయన వేసిన విత్తనం వృక్షమై విస్తరించింది. 1938 నాటి పట్టికను పరిశీలించిన హాన్స్ స్యూస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞునికి కొన్ని ప్రత్యేక సంఖ్యలలో న్యూట్రాన్లు గల పరమాణువులు ప్రకృతిలో అధికంగా ఉన్నట్లు కనిపించింది. పరమాణు కేంద్రకం నిర్మాణాన్ని వివరించే సిద్ధాంతానికి ఇటువంటి గణాంకాలు ఆధారమయ్యాయి. ఆ సిద్ధాంతానికి గాను మరియా గోపర్ట్ మేయర్, హాన్స్ జెన్సన్ 1963లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. 1956లో స్యూస్, హెరాల్డ్ యూరీ కలిసి మూలకాల పట్టికను సవరించి ప్రకటించారు. నక్షత్రాల గర్భంలో మూలకాలు ఎలా పుడతాయో 1957లో నలుగురు శాస్త్రజ్ఞులు వివరించినప్పుడు వారికి ఆధారమైనది ఈ సవరించిన పట్టికే.

గోల్డ్‌ష్మిట్ అనేక ఉల్కల సగటుతో సాధించిన లెక్కను తరువాతి తరం మరింత నిర్దుష్టం చేసింది. 1864 మే 14న ఫ్రాన్స్‌లోని ఓర్గేయ్ గ్రామం వద్ద పడిన ఉల్కాశిల కర్బనంతో కూడిన అరుదైన కాండ్రైట్. దాని సంఘటనాన్ని సూర్యకాంతి వర్ణపటంతో పోల్చి చూస్తే రెండూ దాదాపు సరిపోలాయి. హైడ్రోజన్, హీలియం వంటి వాయువులు, మరికొన్ని తేలిక మూలకాలు మాత్రమే ఇందుకు మినహాయింపు. అంటే సూర్యుడు, గ్రహాలు, ఉల్కలు అన్నీ సుమారు 456 కోట్ల సంవత్సరాల క్రితం ఒకే వాయుధూళి మేఘం నుండి ఉద్భవించాయన్నమాట. సూర్యునికి చేరువలో వేడిమి అధికం కనుక అక్కడ లోహం, రాయి మాత్రమే గట్టిపడి భూమి వంటి గ్రహాలుగా రూపొందాయి. దూరాన చల్లని ప్రాంతంలో మంచు కూడా చేరి బృహస్పతి వంటి మహాగ్రహాలు ఏర్పడటానికి తోడ్పడింది. తల్లి ఒక్కటే, బిడ్డలు వేరువేరు.

2020లో జపాన్ నౌక హయబూసా–2 ర్యూగు అనే గ్రహశకలం నుండి 5 గ్రాములకు పైగా పదార్థాన్ని భూమికి చేర్చింది. 2023లో అమెరికా నౌక ఒసైరిస్–రెక్స్ బెన్నూ అనే గ్రహశకలం నుండి 121.6 గ్రాముల పదార్థాన్ని తెచ్చింది. ఆ ధూళిని ప్రయోగశాలలలో విశ్లేషించినప్పుడు అందులోని మూలకాల పాళ్లను శాస్త్రజ్ఞులు ఓర్గేయ్ వంటి ఉల్కల పాళ్లతో పోల్చి చూశారు. ర్యూగు పదార్థం ఆ జాతి ఉల్కలకు అత్యంత సన్నిహితమని తేలింది. గోల్డ్‌ష్మిట్ పరచిన బాట ఇలా గ్రహశకలాల వరకు సాగింది. భూరసాయనశాస్త్రంలో అత్యున్నత పురస్కారాలలో ఒకటి ఆయన పేరు మీదనే ఉన్నది. ఏటా ఆ రంగంలోని శాస్త్రజ్ఞులు సమావేశమయ్యే మహాసభ కూడా ఆయన పేరుతోనే జరుగుతున్నది. దక్షిణాఫ్రికా వజ్రంలో కనుగొన్న ఒక కొత్త ఖనిజానికి 2019లో గోల్డ్‌ష్మిటైట్ అని నామకరణం చేశారు.

గోల్డ్‌ష్మిట్‌ను ఒక రాజ్యం యూదుడని వెలివేసింది, ఒక ఓడ మృత్యుముఖానికి తీసుకుపోబోయింది. ఆయన మాత్రం జీవితమంతా వస్తువుల మధ్యగల బంధుత్వాన్నే అన్వేషించారు. మనిషి రక్తంలోని ఇనుము, ఎముకలలోని కాల్షియం, నేలమీది రాయి, ఆకాశం నుండి రాలిన ఉల్క అన్నీ ఒకే మూలం నుండి వచ్చినవేనని ఆయన శాస్త్రం లోకానికి తెలియజెప్పింది. మనుషులను జాతుల పేరిట విడదీసిన వారి శాసనాలు కొద్ది ఏళ్లలోనే మట్టిలో కలిసిపోయాయి. శిలల మీది అక్షరాలను ఓర్పుతో చదివిన ఆయన సాధించిన జ్ఞానం మాత్రం తరతరాలకు తరగని సంపదగా నిలిచి ఉన్నది.